రోజుకో ఫొటో

వానలు వెనకబట్టిన వారంలో మా ఆవిడను ఊపిరితిత్తుల ఆసుపత్రిలో చేర్చాం. మామూలు మందులకు లొంగని క్షయ అన్నారు. ఆరేడు నెలలు అక్కడే ఉండాలి, రోజూ ఇంజెక్షను చేయించుకోవాలి. మనుషుల్ని నెలకొక్కసారే రానిస్తారు. మా ఇంటి నుంచి బస్సులో నాలుగు గంటల దూరం. వార్డు గేటు దగ్గర నర్సు సంచీ అందుకుని, "ఇక్కణ్ణుంచి పేషెంటు ఒక్కరే" అంది.

మా ఆవిడ మాస్కు పైనుంచి నన్ను ఒకసారి కిందా మీదా చూసింది. ఆమె ఒకటో తరగతి టీచరు. పిల్లలకు ఎలా చెబుతుందో నాకూ అలాగే చెబుతుంది, ఒక్కో మాటా విడదీసి.

"గ్యాసు కట్టేశారో లేదో చూసుకోండి. అమ్మతో వాదన పెట్టుకోకండి. నా మొక్క ఫొటో రోజూ ఒకటి పంపండి."

"నాది వద్దా?" అన్నాను, ఏదో నవ్విద్దామని.

"మీరు ఆకులు రాల్చరుగా. మొక్కదే పంపండి."

నవ్వబోయి దగ్గింది. నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. బస్సెక్కి సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, నాకు ఫొటో తీయడం రాదని.

అది రబ్బరు మొక్క. ముందుగదిలో తూర్పు కిటికీ పక్కన పెద్ద సిమెంటు కుండీలో ఉంటుంది. మా పెళ్ళైన రెండో ఏడు స్కూల్లో ఎవరో పారేస్తుంటే మూడాకుల కొమ్మను చంకలో పెట్టుకు తెచ్చింది. ఆ తర్వాత మూడు అద్దె ఇళ్ళు మారాం. ప్రతిసారీ సామానంతా లారీలో, మొక్క మాత్రం ఆటోలో ఆమె ఒళ్ళో. ఇప్పుడది సీలింగుకు జానెడు కింద ఆగింది. పిల్లలు కలగని ఇల్లు కావడంతో దానికి ఎక్కడ లేని గౌరవం దక్కింది. మా అత్తయ్య దాన్ని "మీ పెద్దకొడుకు" అనేది.

అత్తయ్య ప్రసవాల వార్డులో నర్సుగా ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. కూతురు ఆసుపత్రిలో చేరిన మర్నాడే ఒక రేకు పెట్టెతో మా ఇంట్లో దిగింది.

"నీ వంట నువ్వే తింటే నువ్వూ అక్కడే చేరతావ్. ఒక్కరు చాల్లే" అంది గడప దాటుతూనే. గుసగుసలాడినా పక్క వాటాకు వినపడే గొంతు ఆవిడది. పాతికేళ్ళలో మా ఇద్దరి మధ్యా పాతిక మాటలు జరిగాయో లేదో. ఆ సాయంత్రం ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఏం చెయ్యాలో తోచక ఇద్దరం మొక్క వైపే చూస్తూ ఉండిపోయాం.

మొదటి ఫొటో నేను పనిచేసే ప్రెస్సు నుంచి వచ్చాక ఆరున్నరకు తీశాను. ట్యూబులైటు వెలుగులో మొక్క నల్లగా, కిటికీ అద్దంలో నా పొట్ట తెల్లగా వచ్చాయి. పంపగానే ఫోను మోగింది.

"మొక్కేదండీ?"

"ఎదురుగా ఉందిగా."

"నాకు మీ బొజ్జే కనపడుతోంది. పక్కకి జరగండి. కుండీ నుంచి చివరాకు దాకా రావాలి. రోజూ ఒకే చోట నిలబడండి, అప్పుడే తేడా తెలుస్తుంది."

అత్తయ్య చాక్‌పీసు తెచ్చి నా పాదాల చుట్టూ నేల మీద గీత గీసింది. ఆ గీతల్లో నిలబడి రోజూ ఒక ఫొటో తీసేవాణ్ణి. రోజూ ఒక చీవాటు వచ్చేది. కింది నుంచి నాలుగో ఆకు మీద దుమ్ముంది. కుండీ పావు వంతు తిప్పండి. నీళ్ళు ఎక్కువయ్యాయి, మట్టి రంగు చూస్తే తెలియడం లేదూ? అత్తయ్య తడి దూదితో ఆకులు తుడిచేది, పురిటి బిడ్డను తుడిచినట్టు ఒక అరచేత్తో అడుగున పట్టుకుని. మా ఆవిడ పక్క బెడ్డులో ఒక బస్సు కండక్టరు ఉండేది. ఆవిడకూ ఈ ఫొటోలు చూడ్డం పనైపోయింది. "టిక్కెట్లు లెక్కపెట్టినట్టు ఆకులు లెక్కపెడుతోంది. నలభై ఒకటట" అని రాసింది మా ఆవిడ.

మొదటి నెల చూడ్డానికి వెళ్తే వరండా గ్రిల్లు అవతల కూర్చుని బాగానే మాట్లాడింది. రెండో నెల ఆమెకు జ్వరంగా ఉందని నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ రోజుల్లోనే ఫోన్లు కూడా మానేసింది. "మాట్లాడితే దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. మెసేజి పెట్టండి చాలు. ఫొటో మాత్రం మానకండి" అని రాసింది. నాకు సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. అప్పటికి నా దగ్గర కూడా చెప్పకూడని మాట ఒకటి తయారైంది మరి.

నేను బైండరును. ముప్ఫై ఏళ్ళుగా ఒకే ప్రెస్సు. అచ్చయి వచ్చిన ఫారాలు, అంటే పెద్ద కాగితాలు, మడిచి, వరస చూసుకుని, కుట్టి, జిగురు పెట్టి అట్ట వెయ్యడం నా పని. చలి మొదలైన వారంలో ఒక సోమవారం పొద్దున ఓనరుగారబ్బాయి మా అయిదుగుర్నీ తన గదిలోకి పిలిచాడు. చిన్నప్పుడు వాడి స్కూలు పుస్తకాలకు అట్టలు వేసింది నేనే. అయిదు కుర్చీలు లేక అందరం నిలబడే ఉన్నాం. వాడు కూడా మర్యాదకు లేచి నిలబడ్డాడు.

"ఇకనుంచి బైండింగు బయట చేయిస్తున్నామండీ" అన్నాడు.

టీ తెప్పించాడు. తాగాం. మాలో కటింగ్ మెషిను మీద పనిచేసే అతనికి నోరెక్కువ, "కత్తెర" అని పిలుస్తాం. యూనియనులో తిరిగినవాడు. అతను గట్టిగా ఏదో ఒకటి అంటాడని అందరం ఎదురుచూశాం. టీ గ్లాసు కింద పెట్టి, "ఇవాళ కూడా పని లేదా బాబూ?" అని మాత్రం అడిగాడు.

"మధ్యాహ్నం దాకా ఉండండి, పర్లేదు."

మధ్యాహ్నం దాకా ఉన్నాం. నా బల్ల మీద సగం కుట్టిన పుస్తకం ఒకటుంటే పూర్తిచేసి, దారం తెంపి, బరువు కింద పెట్టి వచ్చాను. అది ఆరాక ఎవరు తీశారో తెలీదు.

ఒంటిగంటకు ఇంటికొచ్చిన నన్ను చూసి అత్తయ్య, "ఒంట్లో బాగాలేదా?" అంది.

"ఒంట్లో బాగానే ఉంది. పనే బాగాలేదు."

ఆవిడ కంచం పెట్టింది. నేను సగం తిన్నాక అంది, "దానికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఈ మాట దాని చెవిన పడకూడదు. అక్కడ మందుకంటే ముందు మనిషి నిలబడాలి. ఇంకో నాలుగు కిలోలు పెరగాలన్నాడు డాక్టరు."

నా ప్రాణం కుదుటపడింది. పని పోయిన సిగ్గును భార్య ఆరోగ్యం పేరు చెప్పి దాచుకోవచ్చు. పైగా పెద్దావిడ చెప్పిన మాట కూడాను.

మర్నాటి నుంచి ఇంట్లోనే ఉన్నాను. ముందుగదిలోకి పొద్దున తొమ్మిదింటికి ఎండ నేరుగా వస్తుందని, ఆ ఎండలో రబ్బరాకుల అంచులు ఎర్రగా ఉంటాయని అన్నేళ్ళుగా నాకు తెలీదు. ఆ వేళకు ఆదివారాలు నిద్రలో, మిగతా రోజులు ప్రెస్సులో ఉండేవాణ్ణి. చాక్‌పీసు గీతల్లో నిలబడి తొమ్మిదింటికి ఫొటో తీసి, ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చినట్టు సాయంత్రం ఆరున్నరకు పంపేవాణ్ణి. తెలివిగానే చేస్తున్నాననుకున్నాను.

"ఫొటోలు ఇప్పుడు బాగా వస్తున్నాయి" అని రాసింది. అంతే. నేను సంతోషించాను.

తర్వాత చలి ముదిరింది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, రాత్రీ పగలూ కిటికీ మూసే ఉంచేది. మొదట కింది ఆకు ఒకటి పసుపుపచ్చగా మారింది. రబ్బరాకు రాలితే చప్పుడవుతుంది, ఎవరో చెప్పు విసిరినట్టు. చేస్తున్న పని ఆపి ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం. వారంలో ఆరు రాలాయి. పై వారం తొమ్మిది. నీళ్ళు తగ్గించాం, పెంచాం, కుండీ చుట్టూ గోనె చుట్టాం. నర్సరీ అతన్ని పిలిస్తే వచ్చి చూసి, "పెద్ద వయసండీ, చలి తట్టుకోలేదు" అని అత్తయ్య ఎదురుగా అని తిట్లు తిని పోయాడు.

ఆ ఫొటోలు ఆమెకు ఎలా పంపను? ఆకులున్న వైపు ముందుకు తిప్పాను. మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి తీశాను, నిండుగా కనపడాలని. వెంటనే మెసేజి వచ్చింది.

"మొక్కకి పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నారా? వెనకవైపు చూపించండి."

"రేపు" అని రాశాను.

ఆ రేపు పొద్దున రాలిన ఆకుల్లో ఇంకా పచ్చగా ఉన్నవి మూడు ఏరాను. బైండింగు దారం తీసుకుని, మైనం రాసి, సూదికెక్కించి, తొడిమను కాండానికి కుట్టడం మొదలుపెట్టాను. అత్తయ్య వంటగది లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తున్నావ్ నాయనా?"

"కుడుతున్నా."

ఆవిడ వెక్కిరిస్తుందనుకున్నాను. దగ్గరికొచ్చి కళ్ళజోడు సరిచేసుకుని, కొమ్మ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. "లోతుగా గుచ్చకు. పైపైన వెయ్యి" అంది. మూడాకులూ కుట్టాక నేను వెళ్ళి గీతల్లో నిలబడి ఫొటో తీశాను. అది ఆ చలికాలం మొత్తంలో అందమైన ఫొటో. సాయంత్రం పంపాను. జవాబు రాలేదు.

మూడో నెల వెళ్ళినప్పుడు లోపలికి రానిచ్చారు. వరండాలో గ్రిల్లుకు ఇటు మేము, అటు వాళ్ళు, మధ్యలో రెండు గజాల ఖాళీ, అందరికీ మాస్కులు. మా ఆవిడ పక్కనే కండక్టరమ్మ కూర్చుంది. ఆవిడను చూడ్డానికి ఎవరూ రారట. మా ఆవిడ కాస్త ఒళ్ళు చేసింది. నాకు ధైర్యం వచ్చింది. అమ్మ బాగుందని, పక్క వాటా వాళ్ళు ఖాళీ చేశారని, నేను రెండు పూటలా సరిగ్గా తింటున్నానని చెప్పుకుపోయాను. అన్నిటికీ తలూపింది. వాటావాళ్ళ పెద్దాయన పోయాడని చెప్పినప్పుడు కూడా నవ్వుతూనే తలూపింది.

తర్వాత ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో ఏం చేస్తున్నారు?" అంది. గొంతు కొంచెం పెద్దగా ఉంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు మా వైపు చూశారు.

నేను మాస్కు సర్దుకున్నాను.

"కిటికీ ఊచల నీడ మొక్క వెనక గోడ మీద పడేది పొద్దున్నే. సాయంత్రం పడదు. మొదట ఆదివారాలేమో అనుకున్నా. వారానికి ఏడు ఆదివారాలు ఉండవు కదండీ."

ఇక దాచేదేముంది? అంతా చెప్పేశాను. ఓనరుగారబ్బాయి లేచి నిలబడింది, టీ తెప్పించింది, కత్తెర అడిగింది, నేను సగం పుస్తకం పూర్తిచేసి వచ్చింది. నీకు చెబితే మందు వంటబట్టదని అమ్మా నేనూ అనుకున్నామని, ఇంకో చోట చూస్తున్నానని, రెండు ప్రెస్సుల వాళ్ళు కబురు చేస్తామన్నారని. మొదటి నుంచి చివరి దాకా ఒక్క గుక్కలో. ఆమె నా మాస్కు వైపు రెప్ప వెయ్యకుండా చూస్తూ వింది.

"సరే. ఇంతకీ ప్రెస్సులో ఏమైంది?" అంది.

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కళ్ళు చూస్తే అలా లేవు. మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి గట్టిగా. ఆమె పక్కకు తిరిగి కండక్టరమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ తల దించుకుని తన గోళ్ళు చూసుకుంది. ఆ తర్వాత నాతో మెల్లగా అంది.

"ఆమెకి వినపడదన్నా. నెల దాటింది. ఏదన్నా రాసి ఇయ్యి."

జేబులో పెన్సిలుంది. బస్సు టిక్కెట్టు వెనక, "బైండింగు తీసేశారు. చలి మొదట్లోనే" అని రాశాను. నా రాత నాకే వంకరగా కనపడింది. అటుగా పోతున్న నర్సు టిక్కెట్టు అందుకుని ఆమెకిచ్చింది. ఆమె దాన్ని చదివి, మడిచి, పిడికిట్లో పెట్టుకుంది.

"దీనికా ఆకులు కుట్టారు? మైనం దారం ఎండలో మెరుస్తోంది" అంది. మళ్ళీ తనే, "ఇంజెక్షను వల్ల. డాక్టరు ముందే చెప్పాడు. ఆపితే చెవులు దక్కుతాయేమో కానీ ఊపిరికి హామీ లేదన్నాడు. చెవులు తీసుకోమన్నా. ఇన్నేళ్ళు ముప్ఫైమంది పిల్లల గోల విన్నాను, ఇక చాల్లే అని" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. మాస్కు అంచు కళ్ళకింద తడిసి నల్లబడింది.

నేనేం రాయాలి? టిక్కెట్టు కూడా లేదు. గ్రిల్లు పట్టుకుని నిలబడ్డాను.

టైమైందని గంట కొట్టారు. వార్డువాళ్ళందరూ లేచారు. వాళ్ళు లేవడం చూసి ఆమె లేచింది.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు.

"తెలుసు" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? చీటీలో మందు పేరు మొదటి రోజే చదివా. నా సర్వీసులో ఇద్దర్ని చూశా, ఆ సూదికి చెవులు పోగొట్టుకున్నవాళ్ళని."

నాకు ఒళ్ళు మండింది. "మరి నాకు చెప్పొద్దూ!"

"చెబితే ఏం చేస్తావ్? వద్దంటావా సూది?" ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఊరికే చస్తావ్ రోజూ. నేను చస్తున్నా కదా, ఇంట్లో ఒకరు చాల్లే."

ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండడం నేను వినడం అదే మొదలు. పక్కన కూర్చుని నేను కూడా బియ్యం ఏరాను. రాళ్ళేమీ లేవు. అయినా ఇద్దరం చాలాసేపు ఏరాం.

మర్నాడు కుట్టిన ఆకులు విప్పేసి, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి పంపాను. పొడుగాటి కర్ర, చివర అయిదాకులు. "కోసేయండి, నడుము దగ్గర" అని జవాబు వచ్చింది. ఒకటికి రెండుసార్లు అడిగాను. "నా చెవులు నేను కోయించుకోలా?" అని రాసింది.

నా బైండింగు కత్తి నూరి కోశాను. కోసిన చోటు నుంచి తెల్లటి పాలు బొటబొటా కారాయి. నేల మీద, నా చేతుల మీద, అత్తయ్య చీర మీద. ఇరవై నాలుగేళ్ళ పాలు. అత్తయ్య దూది అదిమి పట్టుకుని, "ఆగుతుందిలే, ఆగుతుందిలే" అంటూ కూర్చుంది, మొక్కతో అంటోందో నాతో అంటోందో తెలీలేదు. పై ముక్కను నీళ్ళలో పెట్టాం. వారానికి కుళ్ళిపోయింది.

అప్పట్నుంచి రోజూ మోడు ఫొటోనే. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెడితే ఏ తేడా లేదు. అయినా పంపుతూనే ఉన్నాను. చలి తగ్గింది, కిటికీ తెరిచాం, ఊచల నీడ గోడ మీద నుంచి కిందకు దిగి నేల మీదకొచ్చింది. మా ఆవిడ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ ఇంటికి పంపింది, బాగుచెయ్యమని. ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చున్నాను.

ఎండలు మొదలయ్యాక ఆమెను ఇంటికి పంపారు. కఫంలో క్రిమి లేదన్నారు. బరువు పెరిగింది. చెవులు రెండూ పోయాయి, తిరిగి రావన్నారు. బస్సు దిగి ఇంట్లోకి రాగానే గోడలన్నీ తడుముతూ ఒక చుట్టు తిరిగింది. మోడు ముందు నిలబడి కోసిన చోట బొటనవేలు పెట్టి చూసింది.

"కోత తిన్నగా వచ్చింది" అంది.

పది రోజులకు అత్తయ్య పెట్టె సర్దుకుంది. వెళ్ళేముందు కూతురి రెండు చేతులూ పట్టుకుని జాగ్రత్తలన్నీ చెప్పింది. ఏ మాత్ర ఎప్పుడు, ఏది తినాలి, ఎండలోకి పోవద్దని, పెద్ద గొంతుతో. మేడ మీదవాళ్ళు మెట్ల దాకా వచ్చి చూశారు. మా ఆవిడ తల్లి పెదాలు చూస్తూ తలూపింది. ఆటో కదిలాక, "అమ్మ ఏం చెప్పింది?" అని నన్నడిగింది. పుస్తకం వెనక అట్ట మీద అన్నీ వరసగా రాసిచ్చాను.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి ఎప్పుడు చేరతావని కాగితం మీద మర్యాదగా అడిగింది. ఒకటో తరగతికి చెవులు కావాలని మా ఆవిడే చెప్పి పంపేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నె చాలాసేపు తోమింది. చప్పుడు ఎంతవుతోందో ఆమెకు తెలీదు.

మధ్యాహ్నాలు నా బల్ల దగ్గర కూర్చునేది. కబురు చేస్తామన్న ప్రెస్సుల్లో ఒకరు ఫారాలు ఇంటికే పంపుతున్నారు, వాటిని మడవడం చూపించాను. నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఫొటో పని మాత్రం ఆమే తీసుకుంది. రోజూ పొద్దున మోడును ఫొటో తీసి, ఇంకా ఆ వార్డులోనే ఉన్న కండక్టరమ్మకు పంపేది. సాయంత్రానికి "సున్నా" అని జవాబు వచ్చేది. ఆకులు సున్నా. అది చూసి ఆమె నవ్వుకునేది. ఒక సాయంత్రం జవాబు రాలేదు. మర్నాడు కూడా పంపింది, రాలేదు. మూడో రోజు నర్సు మెసేజి పెట్టింది. మా ఆవిడ అది నాకు చూపించి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, ఫారాలు ముందుకు లాక్కుంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం పనిచేస్తూనే ఉన్నాం. నేను గోడవైపు తిరిగి, కుట్టిన పుస్తకానికి జిగురు పెడుతున్నాను. నా వెనక ఆమె మడత మీద మడత పెడుతున్న చప్పుడు వినపడుతోంది.

ఎందుకన్నానో తెలీదు. వినపడదన్న ధైర్యంతోనే అన్నాను.

"ఆ దగ్గు నేను విన్నాను. ఏడాది పాటు విన్నాను. వినీ, అటు తిరిగి పడుకున్నాను. పిల్లల పరీక్షలయ్యాక చూద్దాంలే అన్నావు, సరేనన్నాను. ఒక్కనాడూ లేచి నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు."

వెనక మడత చప్పుడు ఆగింది.

"ఏమన్నారు?" అంది.

ఏం లేదన్నట్టు జిగురు చేత్తోనే సైగ చేశాను.

"మీ వీపు చూశా. ఊరికే అలా కదలదు. ఏమన్నారు?"

బ్రష్షు గిన్నెలో పెట్టాను. ముక్కాలి పీట తిప్పుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. మొహంలో మొహం పెట్టి మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. వెనక నుంచి అన్నప్పుడు తేలిగ్గా వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కటీ తిన్నగా రాలేదు. సగంలో ఆమె చెయ్యెత్తి ఆపింది.

"దగ్గు అన్నారు. దాని తర్వాత అర్థం కాలేదు." కుర్చీ దగ్గరికి లాక్కుని నా పెదాల వైపే చూస్తూ కూర్చుంది. "మెల్లగా."

మెల్లగా చెప్పాను.